అలసట ముదరకముందే గుర్తుపట్టడం: ఎరుకతో మనల్ని మనం చూసుకునే పద్ధతి

తలనొప్పి మొదలయ్యాక గుర్తొస్తుంది, పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదని. పిల్లవాడి మీద గట్టిగా అరిచేశాక అర్థమవుతుంది, ఆ కోపానికీ వాడికీ సంబంధమే లేదని, అది మూడు గంటల క్రితం పనిచేసేచోట పైకి అనలేక మింగేసిన మాటని. పక్క మీద వాలాక తెలుస్తుంది, రోజంతా భుజాలు బిగబట్టుకునే ఉన్నామని. మన ఒంటి కబురు, మన మనసు కబురు మనకే ఆలస్యంగా అందుతున్నాయి.

స్వీయ సంరక్షణ గురించి ఎంతో మంది ఎన్నో చెబుతారు. తెల్లవారుజామున లేవమంటారు, ధ్యానం చేయమంటారు, డైరీ రాయమంటారు. అవన్నీ మంచివే. కానీ ఇప్పటికే ఊపిరి సలపని మనిషికి అవి చేయాల్సిన పనుల చిట్టాలో మరో నాలుగు వరుసలవుతాయి, చేయలేకపోతే కొత్త అపరాధభావమూ తోడవుతుంది. అందుకే ఈ మార్గదర్శి పెట్టుకున్న లక్ష్యం చిన్నది. అలసట మొదలవడానికీ, అది మనకు తెలియడానికీ మధ్య పట్టే సమయాన్ని తగ్గించడం. మూడు రోజుల తర్వాత తెలిసేది అదే రోజు రాత్రికి తెలియాలి. రాత్రికి తెలిసేది మధ్యాహ్నానికే తెలియాలి. తొందరగా తెలిస్తే పది నిమిషాల విరామంతో తీరిపోయేది, ఆలస్యంగా తెలిస్తే వారం సెలవు పెట్టినా తీరదు.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ అంటున్నదానికి మన భాషలో ఎరుక అనే చక్కటి మాట ఉంది. బౌద్ధులు పాళీలో సతి అన్నారు, సంస్కృతంలో అది స్మృతి. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం ఈ సాధనను కొన్ని వారాల శిక్షణగా మలిచాక ఇది ఆసుపత్రుల్లోకీ వచ్చింది. అన్ని ఆర్భాటాలూ పక్కనపెడితే ఎరుక అంటే ఇప్పుడు ఏం జరుగుతోందో, దానికి మంచీ చెడూ అంటగట్టకుండా గమనించడం. మనసును ఖాళీ చేయడమని చాలామంది అనుకుంటారు. అది అపోహ. మనసు ఖాళీ కాదు, కానక్కర్లేదు కూడా. 2010లో ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు ఫోన్ల ద్వారా ముందుగా చెప్పని వేళల్లో జనాన్ని పలకరించి, మీరిప్పుడు ఏం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు అని అడిగారు. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం సేపు మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మనసు చెదరడం లోపం కాదు, దాని స్వభావం. చెదిరిందని తెలుసుకుని వెనక్కి రావడమే సాధన.

మొదటి అడుగు: వారం రోజుల పద్దు

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఫోనులో కూడా రాసుకోవచ్చు గానీ, రాయడానికని ఫోను తెరిస్తే మరేదో చూస్తూ ఉండిపోతాం, కాబట్టి కాగితమే మేలు. రోజుకు మూడుసార్లు రాయండి. పొద్దున పనిలో పడ్డాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రమో రాత్రో ఒకసారి. ప్రతిసారీ మూడే విషయాలు: ఒళ్లు ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, ఆ సమయానికి ఏం చేస్తున్నాను. పక్కనే ఒంట్లో సత్తువకు ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయండి.

నా మొదటి వారం పద్దులోని ఒక పేజీ ఇలా ఉంది:

*పొద్దున 10.30. ఒళ్లు బాగానే ఉంది. మనసు హడావుడిగా ఉంది. ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. సత్తువ 4.*

*మధ్యాహ్నం 3.00. దవడ బిగిసి ఉంది. ఒకే వాక్యం మూడుసార్లు చదివాను. భోజనం నిలబడే చేశాను. సత్తువ 2.*

*రాత్రి 9.00. తలనొప్పి. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. పడుకుని ఫోను చూస్తున్నాను. సత్తువ 1.*

రాస్తున్నప్పుడు ఇందులో నాకు విశేషమేమీ కనబడలేదు. వారం చివర ఏడు పేజీలూ వరుసగా చదివితే మాత్రం నిలబడి భోజనం చేసిన ప్రతి రోజూ రాత్రికి తలనొప్పి రాసి ఉంది. ఐదు రోజులు. నిలబడటానికీ తలనొప్పికీ నేరుగా సంబంధం ఉండకపోవచ్చు. కూర్చుని తినే తీరిక లేనంతగా రోజు బిగిసిపోయిందనడానికి అది ఆనవాలు. నాకు తెలియకుండా నేను ఏళ్ల తరబడి ఇస్తున్న ఆనవాలు.

ఈ వారంలో ఏదీ మార్చకండి. ఇది చాలా ముఖ్యం. మార్చాలనే తొందర ఉంటుంది, ఆలస్యంగా పడుకున్నామని రాయడానికి సిగ్గేసి ఆ రోజు పెందలాడే పడుకుంటాం. అలా చేస్తే పద్దులో మన జీవితం కాకుండా మన కోరిక కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రాయండి, మరిచిపోయినదాన్ని ఊహించి నింపవద్దు.

రెండో అడుగు: మీ తొలి గుర్తును పట్టుకోవడం, దానికి సరైన పేరు పెట్టడం

పద్దు చదువుతూ ఒక ప్రశ్న వేసుకోండి: సత్తువ రెండుకో ఒకటికో పడిపోవడానికి ముందు ఏం కనిపిస్తోంది? తలనొప్పి, ఏడుపు, అరుపు, పూర్తిగా మంచానపడటం చివరి గుర్తులు. మనకు కావాల్సినవి తొలి గుర్తులు, అవి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాయి. కొందరికి మాట వేగం పెరుగుతుంది. కొందరికి శ్వాస పైపైనే ఆడుతుంది. కొందరు చదివినదే మళ్లీ చదువుతారు, కొందరు ప్రతి చిన్న శబ్దానికీ ఉలిక్కిపడతారు, కొందరికి ఆకలి చచ్చిపోతుంది, మరికొందరికి ఆకలి లేకపోయినా ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. మీకు మీరుగా పట్టుకోలేకపోతే మీతో ఉండేవాళ్లను అడగండి: "నేను బాగా అలసిపోయే ముందు ఎలా ప్రవర్తిస్తాను?" జవాబు తడుముకోకుండా వస్తుంది. అది వినడం కష్టంగానే ఉండవచ్చు, కానీ వాదించకుండా రాసుకోండి.

ఇక పేరు పెట్టడం. ఇక్కడ కాస్త నిదానించాలి. ఎలా ఉన్నావని అడిగితే మనం "బాగాలేదు", "ఒత్తిడిగా ఉంది" అని ఊరుకుంటాం. ఒత్తిడి అనే ఒక్క మాట కింద ఎన్నిటినో కప్పేస్తున్నాం. మన భాషలోనే ఎన్ని మాటలున్నాయో చూడండి. విసుగు, చిరాకు, బెంగ, దిగులు, గుబులు, ఉక్రోషం, నీరసం, వెలితి. ఇవి పర్యాయపదాలు కావు, ఒక్కోదానికి ఒక్కో మందు.

బెంగ అంటే ఎవరో ఒకరు దగ్గర లేకపోవడం. దానికి మనిషి కావాలి, కనీసం ఆ మనిషి గొంతు వినిపించాలి. బెంగగా ఉన్నప్పుడు ఒంటరిగా కూర్చుని ధ్యానం చేస్తే అది పెరిగినా ఆశ్చర్యం లేదు. గుబులు ముందు జరగబోయేదాని గురించి. ఏం జరగవచ్చో, అందులో మన చేతిలో ఏముందో కాగితం మీద రాస్తే అది సగం దిగుతుంది. ఉక్రోషం అన్యాయం జరిగిందనుకున్నప్పుడు, తిరిగి ఏమీ అనలేకపోయినప్పుడు పుడుతుంది. దానికి విశ్రాంతి పనిచేయదు, ఎంత నిద్రపోయి లేచినా అది అక్కడే ఉంటుంది. ఎవరితోనో ఒక మాట తేల్చుకోవాలి. నీరసానికి మాత్రం కావాల్సింది నిద్ర, తిండి, నీళ్లు. నీరసంగా ఉన్నప్పుడు జీవితం గురించి పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు. వెలితి మిగతావాటికన్నా మౌనంగా ఉంటుంది. అన్నీ సరిగానే జరుగుతున్నా మనకు ఇష్టమైనది ఒక్కటీ రోజులో లేనప్పుడు అది వస్తుంది.

పేరు పెట్టడం వల్ల ఒరిగేదేమిటని అనిపించవచ్చు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌లతో చేసిన అధ్యయనంలో, ఫోటోల్లోని ముఖాల్లో కనిపించిన భావానికి మాటలతో పేరు పెట్టినప్పుడు మెదడులో భయం వంటి వాటికి స్పందించే అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గినట్టు కనిపించింది. పేరు పెట్టిన క్షణం మనకూ ఆ భావానికీ మధ్య కొంచెం జాగా ఏర్పడుతుంది. ఏం చేయాలో ఆలోచించుకోవడానికి ఆ జాగా చాలు.

రెండో వారం నుంచి పద్దులో "మనసు ఎలా ఉంది" అన్న చోట ఒత్తిడి అనే మాట రాయకూడదని నియమం పెట్టుకోండి.

మూడో అడుగు: ఒక్క నిమిషం ఆగడం

ఇది సాధనకు వెన్నెముకలాంటి భాగం. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కో నిమిషం.

పాదాలు నేలకు ఆనించండి. కూర్చున్నా నిలబడ్డా ఫరవాలేదు. ముందు నేల తగులుతున్న చోటును గమనించండి: మడమా, మునివేళ్లా, ఏ కాలి మీద బరువు ఎక్కువగా ఉంది? తర్వాత భుజాలు. చాలామందికి ఈ క్షణంలోనే తెలుస్తుంది, భుజాలు చెవుల వైపు ఎగబాకి ఉన్నాయని. దింపండి. పళ్లు కరిచిపట్టుకుని ఉంటే వదలండి, నాలుకను అంగిలి నుంచి వదులు చేయండి. ఇప్పుడు ముక్కుతో మామూలుగా గాలి పీల్చి, పీల్చినదానికన్నా నెమ్మదిగా వదలండి. లోపలికి నాలుగు లెక్క, బయటికి ఆరు. బలవంతంగా రొమ్ము నింపవద్దు. ఇలా ఆరు శ్వాసలకు సుమారు ఒక నిమిషం పడుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు కాబట్టి ఇది బాగా నెమ్మదైన లయ.

బయటికి వదిలే శ్వాస ఎందుకు పొడవుగా ఉండాలంటే, గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకూ కడుపుకూ వెళ్లే వేగస్ నాడి ఈ తగ్గింపును నడిపిస్తుంది. శాంతించమని గుండెకు మనం ఆజ్ఞ ఇవ్వలేం గానీ, ఊపిరి దారిన దానికి కబురు పంపవచ్చు.

మధ్యలో మనసు ఎటో పోతుంది. పోయిందని తెలియగానే తిట్టుకోకుండా పాదాల దగ్గరికి రండి. నిమిషంలో పదిసార్లు పోయి పదిసార్లు వచ్చినా సాధన జరిగినట్టే. కళ్లు తిరిగినట్టు అనిపిస్తే లెక్క మానేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఒక మాట గట్టిగా చెప్పాలి: కొందరికి, ముఖ్యంగా పాత గాయాలు మనసులో ఉన్నవారికి, కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెడితే కంగారు పెరుగుతుంది. అది వారి తప్పు కాదు, పట్టుదలగా కొనసాగించాల్సిన అవసరమూ లేదు. కళ్లు తెరిచే ఉంచి, గదిలో కనిపించే ఐదు వస్తువులను ఒక్కొక్కటిగా చూడండి, లేదా వినిపించే శబ్దాలను లెక్కపెట్టండి. అదీ ఎరుకే.

ఇది రోజూ గుర్తుండాలంటే "వీలున్నప్పుడు చేస్తాను" అనుకుంటే సరిపోదు, వీలు ఎప్పటికీ దొరకదు. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చాలా ఏళ్లు పరిశోధించి చూపిన కిటుకు ఒకటుంది. "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని ముందే జత కట్టుకోవడం. ఇంటి తలుపు గడియ మీద చేయి వేసినప్పుడు. చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పినప్పుడు. కంప్యూటర్ తెరుచుకునేదాకా ఆగినప్పుడు. వీటిలో ఒకటే ఎంచుకోండి. నాకు కుళాయి కుదిరింది. నీళ్లు చేతి వెనక భాగం మీద పడి, మణికట్టు దగ్గర రెండు పాయలై జారడం నలభై ఏళ్లు దాటేదాకా నేను చూడలేదు. చేతులు మాత్రం రోజూ కడుక్కుంటూనే ఉన్నాను.

నాలుగో అడుగు: కొత్తది చేర్చే ముందు పాతదొకటి తీసేయడం

నిండిన పాత్రలో ఏమీ పట్టదు. పద్దులో సత్తువ అంకె పడిపోయిన చోట్ల గుండ్రంగా గీత గీయండి. ఆ సమయాల్లో ఏం చేస్తున్నారో చూడండి. వాటిలో తప్పనివి, తగ్గించగలిగినవి, అసలు ఎందుకు చేస్తున్నామో తెలియనివి అని మూడు రకాలుంటాయి. మూడో రకం నుంచి ఒక్కటి తీసేయండి. ఒక్కటే.

సాధారణంగా రెండు చోట్ల ఎక్కువ దొరుకుతుంది. మొదటిది ఫోను. మోగాల్సినవి మనుషుల పిలుపులు మాత్రమే, మిగతా అన్నిటి మోతనూ ఆపివేయవచ్చు. పని మధ్యలో మరో పనికి దూకినప్పుడు వెనకటి పని తాలూకు ధ్యాస కొంత అక్కడే అంటుకుని ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అందుకే రోజంతా ఇటూ అటూ దూకినవారికి చేసింది తక్కువ, అలసట ఎక్కువ. తప్పనిసరిగా పని వదిలి లేవాల్సి వస్తే, ఎక్కడ ఆపాను, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలి అని ఒక్క వాక్యం రాసి లేవండి. ధ్యాస సులువుగా విడివడుతుంది.

రెండోది, కాదనలేక ఒప్పుకున్న పనులు. మొహమాటం మనల్ని తినేసినంతగా పని తినేయదు. అడిగిన వెంటనే జవాబు చెప్పకపోవడం అలవాటు చేసుకోవాలి. "చూసుకుని రేపు చెబుతానండీ" అనే ఒక్క మాట ఎంతో కాపాడుతుంది. కాదని చెప్పేటప్పుడు కారణాల చిట్టా అక్కర్లేదు. కారణం చెబితే అవతలివాళ్లు దానికి పరిష్కారం చెబుతారు, మళ్లీ మనమే ఇరుక్కుంటాం. "ఈ నెల నా వల్ల కాదండీ, ఏమీ అనుకోకండి. వచ్చే నెల అయితే ఒక రోజు రాగలను." అంతే. చేయగలిగినదాన్ని కచ్చితంగా చెప్పడం వల్ల బంధం నిలుస్తుంది. మొదట్లో కాదన్నాక రెండు రోజులు గుండెలో గుచ్చుతూనే ఉంటుంది. ఆ గుచ్చుకోవడాన్ని కూడా పద్దులో రాయండి.

ఐదో అడుగు: నిద్ర

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటే ఒక ఎత్తు. నిద్ర చాలనివారికి ఏ సాధనా నిలబడదు. పెద్దవాళ్లకు రోజూ కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని 2015లో అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘాలు ఉమ్మడిగా సిఫారసు చేశాయి. పడుకునే వేళ మన చేతిలో పూర్తిగా ఉండదు, లేచే వేళ ఉంటుంది. కాబట్టి లేచే వేళను, సెలవు రోజుల్లో కూడా, ఒకేలా ఉంచండి. లేచిన కాసేపటికి బయటి వెలుతురులోకి వెళ్లండి. మన లోపలి గడియారం సమయం దిద్దుకునేది ప్రధానంగా కంటికి అందే వెలుతురును బట్టే.

కాఫీ, టీలలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సగటున ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఐదింటికి తాగినదానిలో సగం రాత్రి పదింటికి ఇంకా మెలకువగానే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం దాటాక మానేసి రెండు వారాలు చూడండి.

పడుకోగానే రేపటి పనులు ముసురుకునేవారికి ఒక ఉపాయం. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సినవాటిని వివరంగా కాగితం మీద రాయండి. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఇలా చేయాల్సినవి రాసినవారు, అప్పటికే చేసినవాటిని రాసినవారికన్నా దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. పాల్గొన్నవారు 57 మందే కాబట్టి దీన్ని వేదవాక్కుగా చెప్పను. కానీ ఖర్చు లేనిది, హాని లేనిది. నాకు పనిచేస్తోంది.

ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టనట్టనిపిస్తే పక్క మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో ఏదైనా నెమ్మదైన పని చేసుకుని, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోండి. ఆ సమయంలో గడియారం చూడకండి.

ఆరో అడుగు: కదలిక

దీని గురించి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఊపిరి వేగం పెరిగేలా ఒళ్లు కదిలించాలి, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అన్న పాత నిబంధనను వాళ్లే తీసేశారు. మెట్లెక్కడం, మాట్లాడుతూ వేగంగా నడవడం, అన్నీ లెక్కలోకే వస్తాయి. నడిచేటప్పుడు రోజులో ఒక్కసారైనా చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా నడవండి.

ఏడో అడుగు: పనికీ ఇంటికీ మధ్య గడప

పని ఆగిన క్షణాన మనసు ఆగదు. మధ్యలో ఒక గడప కావాలి. బయటికి వెళ్లి పనిచేసేవారికి ప్రయాణం గడపలా పనికొస్తుంది, ఆ సమయాన్ని పని సందేశాలతో నింపకపోతే. ఇంటి నుంచే పనిచేసేవారు గడపను తామే కట్టుకోవాలి. కంప్యూటర్ మూసి కళ్లకు కనిపించనిచోట పెట్టడం, బట్టలు మార్చుకోవడం, ఒక చుట్టు నడిచి మళ్లీ అదే తలుపు తీసుకుని లోపలికి రావడం. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉన్నా ఒంటికి ఈ భాష బాగా అర్థమవుతుంది.

అసలు గడపే లేని మనుషులున్నారు. మంచానపడ్డ పెద్దవాళ్లను, పసిపిల్లలను, దీర్ఘకాలిక జబ్బుతో ఉన్నవారిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండేవాళ్లు. వాళ్లకు "మీ కోసం మీరు సమయం కేటాయించుకోండి" అని సలహా ఇవ్వడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. సమయం వాళ్ల చేతిలో లేదు, చుట్టూ ఉన్నవాళ్ల చేతిలో ఉంది. కనిపెట్టుకుని ఉండేది మీరే అయితే, సాయం అడిగేటప్పుడు "ఎప్పుడైనా వీలైతే రండి" అనకండి. "గురువారం నాలుగు నుంచి ఆరు దాకా నాన్న దగ్గర కూర్చుంటావా?" అని రోజు, గంట, పని చెప్పి అడగండి. ఆ రెండు గంటల్లో ఇంటి పనులు చేయకండి. మీరు పక్కన నిలబడి చూసేవాళ్లయితే వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఏం కావాలని అడగడం కూడా వాళ్లకు ఒక పనే. ఏ రోజు వస్తారో మీరే చెప్పండి.

ఎనిమిదో అడుగు: మనతో మనం మాట్లాడే తీరు

సాధన తప్పిన రోజు లోపలి నుంచి ఒక గొంతు వస్తుంది: "నీ వల్ల ఏదీ కాదు." ఆ గొంతు అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు కాగితానికి ఎడమవైపు రాయండి. కుడివైపు, ఇదే పరిస్థితిలో ఉన్న ఆప్తుడు మీ ఎదురుగా కూర్చుంటే అతనితో మీరేమంటారో రాయండి. రెండింటినీ పక్కపక్కన చదవండి. ఎడమవైపు మాటలను మనం శత్రువుతో కూడా అనం. మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి తన పరిశోధనల్లో స్వీయ కరుణకు మూడు భాగాలు చెబుతున్నారు. తన పట్ల తాను దయగా ఉండటం, ఈ బాధ నా ఒక్కరిదే కాదు మనుషులందరిదీ అని గుర్తించడం, బాధను పెంచకుండా దాచకుండా చూడటం. దయ చూపితే బద్ధకం వస్తుందని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ కొరడాతో నడిచేవాడు కొరడా లేని రోజున నడవడు.

లండన్‌లో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం జరగలేదని కూడా అందులో కనిపించింది. అందుకే తప్పిన రోజుకు ముందే ఒక చిన్న రూపం తయారుగా ఉంచుకోండి: నిమిషం కుదరకపోతే మూడు శ్వాసలు, పద్దు కుదరకపోతే ఒక్క అంకె.

సమతుల్యాన్ని రోజుతో కొలవకండి. పరీక్షలు, పంట కోతలు, పెళ్లిళ్లు, ఆసుపత్రి రోజులు వచ్చినప్పుడు తక్కెడ ఒకవైపుకు ఒరిగిపోతుంది, ఒరగాలి కూడా. నెలకోసారి పద్దు తిరగేసి, ఒరిగినది మళ్లీ లేచిందా అని చూస్తే చాలు. రెండు నెలలైనా లేవకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇంటి వైద్యం చాలని చోటు

ఈ పద్ధతి వైద్యానికి బదులు కాదు. రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైనవి ఏవీ రుచించకపోయినా, నిద్రా ఆకలీ పూర్తిగా గతి తప్పినా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట రక్తహీనత వల్లో థైరాయిడ్ సమస్య వల్లో కూడా రావచ్చు, అది రక్తపరీక్షతో తేలుతుంది. పని వల్ల పూర్తిగా హరించుకుపోవడం, పనంటేనే ఏవగింపు, ఎంత చేసినా ఏమీ చేయలేదన్న భావన కలిసి వస్తే దాన్ని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా, సరిగా సంబాళించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా నమోదు చేసింది. అంటే మారాల్సినది మనిషి ఒక్కరే కాదు, పనిచేసే చోటు కూడా. అక్కడి భారాన్ని శ్వాస సాధనతో మోయాలని చూడకండి, పై అధికారితో పని పంపకం గురించి మాట్లాడండి.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే, ఆ గంటలోనే నమ్మిన మనిషికి చెప్పండి. వైద్యులకో అత్యవసర సహాయ కేంద్రానికో ఫోను చేయండి. ఆ మాట మీతో ఎవరైనా అంటే వాళ్లను ఒంటరిగా వదలకండి.

రెండు నెలల తర్వాత

మొదటి నోటుపుస్తకం బయటికి తీసి, మళ్లీ మూడు రోజులు అదే తీరున పద్దు రాయండి. సత్తువ అంకె పెరిగిందా అని చూడాలనిపిస్తుంది. దానికన్నా ముందు, మొదటి గుర్తు ఏ వేళకు రాశారో చూడండి. నా తొలి వారంలో రాత్రి తొమ్మిదికి తలనొప్పి అని ఉంది. రెండు నెలల తర్వాత రాసిన పేజీలో ఉన్నది ఇది: *పొద్దున 11.40. కుళాయి దగ్గర. భుజాలు పైకి ఎగబాకి ఉన్నాయి. దింపాను. ఈ రోజు కూర్చుని భోజనం చేయాలి.*